పాత యిల్లు – కొత్త కాపురము

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సూరతు నగరము తాపీ నది యొడ్డున నున్నది. మన పురాణములు ఈ నదిని తపతి యనును. సూర్యుని కుమార్తె యని చెప్పును. గుజరాతీ సోదరులు తాపీ యందురు. తెలుగువాని చెవికి ఈ మాట మరి రెండు విధముల వినబడును. తాపీ యనగా ఇల్లు కట్టువాని చేతి పనిముట్టు. తాపీగా ననగా తొందర లేక, నిదానముగా. పాత యింటిని బాగుచేయుటకు ఈ రెండును కావలయును. తాపీ పట్టువారు ఎందరైనను దొరకుదురు. తాపీగా చేయించువారే అరుదు. నేటి ప్రసంగమునకు విషయము ఆ రెండవ తాపీ.

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దలన్నారు. పాత యిల్లు బాగుచేసి చూడుమని వారనలేదు. ఆ దినములలో అది వేరుగా చెప్పుకొనదగిన పని కాకపోవుటయే దీనికి కారణము కావచ్చును. తొలకరికి ముందు పెంకు సర్దించుట, పండుగకు సున్నము వేయించుట, గడపకు పసుపు పూయుట, చెదపురుగు దారి కనబడినచో వెంటనే గీకి మందు వేయుట – ఇవి యేటేట జరుగు పనులు. ఇల్లు ఏటికొక మారు కొంచెము కొంచెముగా క్రొత్తదగుచుండెను. నేడట్లు కాదు. ఇరువది, ముప్పది యేండ్లు తాళము వేసి, తరువాత ఒక వేసవి సెలవులో నలుబది దినములలో అంతయు మార్చివేయవలెనని బయలుదేరుచున్నాము. చిక్కంతయు అక్కడనే ఆరంభమగుచున్నది.

కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఇండ్లు రెండు. ఒకటి సర్కారువారిచ్చిన క్వార్టరు. దాని గోడలు సర్కారువి, గోడల రంగు సర్కారుది. గోడకు మేకు కొట్టవలెనన్నను సందేహమే. రెండవది స్వగ్రామములో తాళము వేసియున్న పెద్దల యిల్లు. దానిపై సర్వాధికారములు కలవు గాని, అందు నివసించు భాగ్యము లేదు. సూరతులోని కార్యాలయములలో పనిచేయు తెలుగువారికిని, ఇచ్చటి మగ్గముల నాధారముగా చేసికొని బ్రదుకుచున్న కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలి సోదరులకును ఈ విషయమున భేదము లేదు. అనేకులకు ఊరిలో ఒక యిల్లు కలదు. దానినేమి చేయవలెనను నిర్ణయము మాత్రము ఏటికేడు వాయిదా పడుచున్నది.

దారులు మూడు. అమ్మివేయుట ఒకటి. పడగొట్టి అంతస్తులు లేపుట రెండవది. బాగుచేసి నిలుపుకొనుట మూడవది. ఈ మూడవ దారికి నేడు ఒక ముద్దు పేరు వచ్చినది: “ఆధునిక సంప్రదాయ శైలి.” పేరు మంచిదే. అయితే ఆ పేరుతో జరుగుచున్న పనిని చూచిన, కొన్ని యెడల నవ్వును, కొన్ని యెడల దుఃఖమును కలుగును. నిజమైన టేకు దూలమును తీసి అమ్మివేసి, ఆ చోట సిమెంటు కడ్డీకి చెక్క రంగు పూసి దూలమనిపించుచున్నారు. మండువాను పలకతో మూసివేసి, దాని క్రింద ఇత్తడి ఉరుళి పెట్టి పూలు తేలవేయుచున్నారు. వాన పడవలసిన చోట వాన లేదు. వాన యొక్క జ్ఞాపకార్థము ఒక గిన్నె నీరు కలదు!

సంప్రదాయమనగా పాత యింటి వేషము కాదు, పాత యింటి పనితనము. ఆ యిల్లు గాలి నెట్లు రప్పించెను, నీటి నెట్లు పంపెను, ఎండ నెట్లు ఆపెను, మనుష్యుల నెట్లు కూర్చుండబెట్టెను అనునది తెలిసికొని, దానిని చెడనీయక, నేటి జీవనమునకు కావలసినదానిని చేర్చినచో అది ఆధునిక సంప్రదాయము. నేటి ప్రసంగమున చెప్పదలచినది ఈ యొక్క మాటయే. దీనికి సూరతు మంచి పాఠశాల.

సూరతులో గోపీపురా, నానపురా, సయ్యద్‌పురా పేటలలోను, నది కావలనున్న రాందేరులోను పాత కొయ్య యిండ్లు ఇంకను కొన్ని నిలిచియున్నవి. వీధివైపు వెడల్పు తక్కువ, లోనికి పొడవెక్కువ. ప్రక్క యింటికిని దీనికిని నడుమ సందు లేదు. టేకు స్తంభములు, దూలములు ఇంటికి ఎముకలు. వాని నడుమ ఇటుక, సున్నము కండ. ముందు ఎత్తైన అరుగు, దానిపైని చెక్కిన స్తంభములు, పై అంతస్తున వీధిలోనికి చొచ్చుకొనివచ్చిన వసారా. లోపల నడుమ ఆకాశమునకు తెరచిన చదరము.

ఈ వర్ణన విన్న తెలుగువానికి తన తాతగారి యిల్లు జ్ఞప్తికి రాకమానదు. వారు ‘ఓటలో’ యనునది మన అరుగు. వారి ‘చోక్’ మన మండువా. వారి ‘పరసాళ్’ మన చావడి. నీటి కుండలకు వారు ప్రత్యేకముగా ‘పాణియారుం’ అను చోటు కేటాయించిరి. మన యిండ్లలో బిందెల తిన్నె అదియే. వారి ‘హీంచకో’ మన ఉయ్యాల బల్ల. భోజనానంతరము తాంబూలము వేసికొని దానిపై ఊగుటలో గుజరాతీకిని గోదావరి జిల్లావానికిని పోటీ పెట్టినచో ఎవరు గెలుతురో చెప్పుట కష్టము. కలపలోను చుట్టరికము కలదు. రాందేరు వర్తకులు రంగూనుతో వ్యాపారము చేసిరి. మన కోస్తా జిల్లాలకును బర్మా టేకు సముద్రముపై వచ్చెను. ఆ యోడలు తెచ్చిన దూలములు నేటికిని కొన్ని యిండ్ల కప్పులను మోయుచున్నవి.

సూరతు, మచిలీపట్టణము చరిత్రలో అక్కచెల్లెండ్రవంటి రేవులు. ఆంగ్లేయుల వర్తకస్థానము మచిలీపట్టణమున 1611లోను, సూరతులో 1613లోను ఏర్పడెను. ఉభయత్ర డచ్చివారి సమాధులు నేటికిని కలవు. ఇరుపట్టణములును నీటివలన దెబ్బతినినవే. బందరును 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన ముంచెను. సూరతునకు 1837 గండకాలము. ఆ యేడు ఏప్రిలులో నిప్పంటుకొని తొమ్మిదివేలకు మించిన యిండ్లు కాలిపోయెను. అదే సంవత్సరాంతమున తాపీ పొంగి నగరమును ముంచెను. తరువాత 1968లోను, మరల 2006 ఆగస్టులోను వరద వచ్చెను. కనుక ఇచ్చటి పాత యిల్లు అందమునకు మాత్రమే కట్టినది కాదు. అగ్నిని, నీటిని చూచి బ్రదికినది. అట్టి యింటిని బాగుచేయబూనినవాడు మొదట దాని అనుభవమును వినవలయును.

నిలిచిన కట్టడములు ఏల నిలిచినవో కూడ ఈ నగరము చెప్పును. కోట సమీపమునగల మొగలు సరాయి షాజహాను కాలమున, 1644లో, బాటసారులకై కట్టబడినది. 1867 నుండి అది పురపాలక కార్యాలయముగా ఉపయోగపడెను. పదునారవ శతాబ్దిలో ఖుదావంద్ ఖాను కట్టించిన కోటను నగరపాలక సంస్థ ఇటీవలి కాలమున బాగుచేయించి ప్రదర్శనశాలగా తెరచినది. మనుష్యుడు మసలుచున్నంతకాలము కట్టడము బ్రదుకును. తాళము వేసిన దినము నుండి అది శిథిలమగుట ఆరంభించును. చెద, బూజు, గబ్బిలము అను కౌలుదారులు ఎవరి యనుమతియు కోరక ప్రవేశింతురు.

అమ్లీరాన్ పేటలో గుజరాతీ కవి నర్మద్ యిల్లు కలదు. ఆయన 1833లో జన్మించి 1886లో గతించెను. 1858లో ఉపాధ్యాయోద్యోగమును విడిచి కలమునే నమ్ముకొనెను. గుజరాతీ భాషకు నర్మకోశమను మహానిఘంటువును ఒంటిచేతితో కూర్చెను. వితంతు వివాహమును బోధించుటయే గాక, తాను స్వయముగా వితంతువును వివాహమాడెను. మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన తొలి వితంతు వివాహము జరిపించిరి. ఈ యిరువురును పోల్చదగినవారు. నర్మద్ తాను కట్టించుకొన్న యింటికి సరస్వతీ మందిరమని పేరు పెట్టెను. సూరతు నగరపాలక సంస్థ దానిని స్మారకముగా కాపాడుచున్నది. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారి గృహమును, విజయనగరమున గురజాడ అప్పారావుగారి గృహమును అటులే స్మారకములై నిలిచినవి.

మహాపురుషుల యిండ్లను కాపాడుటకు ప్రభుత్వములు కలవు, సంఘములు కలవు. సామాన్యుని యింటికి ఎవరు కలరు? ఆ యింటివాడే. అహమ్మదాబాదు పాత నగరము 2017లో ప్రపంచ వారసత్వ నగరముగా యునెస్కో జాబితా కెక్కినది. అక్కడ ఆ గౌరవము నందిన కట్టడములలో కోటలు, మసీదులు, ఆలయములతోపాటు, ‘పోళ్’ అనబడు సందులలోని సాధారణ గృహస్థుల కొయ్య యిండ్లును కలవు. గృహస్థుని యిల్లు సహితము చరిత్రయే యని లోకము ఒప్పుకొన్నట్లయినది.

ఇక పని విషయము. బాగుచేతకు ఒక వరుస కలదు. ఆ వరుస తప్పినచో రూకలు వ్యర్థము. సామాన్యముగా జరుగుచున్నదేమనగా, మొదట రంగు నిర్ణయింతురు, పిదప సోఫా కొందురు, కడపట కప్పు కారుచున్నదని తెలిసికొందురు. సరియైన వరుస దీనికి తలక్రిందులు: మొదట నీరు, తరువాత గోడ, తరువాత కలప, తరువాత గాలి, తరువాత విద్యుత్తు, తరువాత వంటయిల్లు, స్నానపుగది. అన్నిటికిని చివర అలంకారము.

నీటి మాట. పాత యింటికి ప్రథమ శత్రువు నీరే. సూరతులో సాలున సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన కురియును. అందు అధికాంశము జూను మొదలు సెప్టెంబరు వరకు నాలుగు నెలలలోనే. కోస్తాంధ్రలో ఈశాన్య ఋతుపవనము, తుపానులు దీనికి తోడు. కావున ఒక వర్షాకాలమంతయు ఏ పనియు చేయించక, ఇంటిలో ఎక్కడెక్కడ చెమ్మ యెక్కుచున్నదో గుర్తులు పెట్టుకొనుట మంచి ఇంజనీరు చెప్పు మొదటి సలహా. పగిలిన పెంకు, పూడిన తూము, గోడ కానుకొని పెరిగిన రావి మొక్క, వీధి మట్టము ఎత్తైనందువలన లోనికి వాలిన నీరు – వీనిని సరిచేసినంతనే సగము జబ్బు నయమగును. 1994లో సూరతును ప్లేగు భయము పీడించిన పిదప, 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు చెత్తను, మురుగును అదుపులోనికి తెచ్చి నగరముఖమునే మార్చిరి. ఆయన నగరమునకు రంగు పూయుటతో ఆరంభింపలేదు, మురుగుతో ఆరంభించిరి. ఇంటికిని అదియే నీతి.

గోడ మాట. పాత గోడ ఇటుక, సున్నముతోనో, మట్టితోనో కట్టినది. అది నేలనుండి కొంత చెమ్మ పీల్చును, ఆ చెమ్మను గాలిలోనికి వదలును. సున్నపు పూత దానికి చర్మము వంటిది. అందుండి ఆవిరి వెలువడగలదు. ఆ పూతను గీకివేసి సిమెంటు పూసినచో లోపలి చెమ్మకు దారి మూసికొనిపోవును. అది పైపైకి ఎగబ్రాకి, ఉప్పును వెంట తెచ్చి, రెండు మూడు వర్షాకాలములలో పూతను పొక్కించి రాల్చును. అప్పుడు ఇంటివాడు “పాత గోడ పనికిరాదు” అనును. పనికిరానిది గోడ కాదు, దానికి తొడిగిన చొక్కా. నూనె రంగులు, ప్లాస్టిక్ రంగులు చేయు నష్టమును ఇట్టిదే.

సున్నపు పని నిదానముగా జరుగును. సున్నమును చక్కగా నానబెట్టవలెను. ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో నలుగవేయవలెను. మన మేస్త్రీలు కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలుపుట యెరుగుదురు. పూసిన పిదప సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మెల్లగా రాయిగా మారును. అందుకు వారములు, నెలలు పట్టును. అంతవరకు ఎండదెబ్బ తగులకుండ తడుపుచు కాపాడవలెను. సెలవు ముగియు లోపల పని ముగియవలెననువానికి సున్నము పనికిరాదు. సరిగా చేసిన సున్నపు గోడ మనుమల కాలమున కూడ కాపురముండును. వరద వచ్చినను, నీరు తీసిన తరువాత ఆరి మరల నిలుచును. నేల అంతస్తులో కాగితపు అట్టలు, ప్లైవుడ్డు, జిప్సము పలకలు బిగించినచో ఒక్క వరదకు అన్నియు ఉబ్బి చెత్తబండి కెక్కవలసినదే. తాపీ యొడ్డున నైనను, గోదావరి యొడ్డున నైనను క్రింది అంతస్తునకు రాయి, సున్నము, టేకు – ఈ మూడును నమ్మదగినవి.

కలప మాట. దూలము నడుమ బలముగా నుండును. గోడలో దాగిన కొస కుళ్లును. కావున రంగు చూచి మోసపోరాదు. మొనగల పనిముట్టుతో కొసల పొడిచి చూడవలెను, తట్టి ధ్వని వినవలెను. ఖంగుమన్నచో ఆరోగ్యము, బొదబొదమన్నచో లోపల చెద. కొస కుళ్లినంత మాత్రమున దూలమంతయు తీసివేయ నక్కరలేదు. కుళ్లిన భాగము కోసి, అదే జాతి కలపతో అతుకు వేయు వడ్రంగులు ఇంకను కలరు. అట్టి వడ్రంగి కూలి యెక్కువ అడిగినను ఇచ్చుట లాభము. ఆ విద్య అతనితో ఆగిపోకుండుటకు కూడ అది మన చందా. ఉయ్యాల బల్ల వేయదలచినవారు ముందు ఆ దూలమును పరీక్షింపవలెను. నలుగురు కూర్చుండి ఊగినపుడు పడు బరువు, నలుగురు ఊరక నిలిచిన బరువుకంటె అధికము.

గాలి మాట. మండువాను కప్పుటయే నేటి ప్రధాన దోషము. నడిమి చదరమునుండి వేడి గాలి పైకి పోవును. దాని స్థానమునకు వీధి గుమ్మమునుండియు పెరటినుండియు చల్లగాలి వచ్చును. ఈ కదలిక కరెంటు లేకుండ పగలు రాత్రి పనిచేయు పంకా. వానకు, దొంగలకు, కోతులకు వెరచి మండువాను పలకతో మూసినచో ఇల్లు పెట్టె యగును. వెంటనే గదికొక చల్లనియంత్రము కావలసివచ్చును. భయము నిజమైనదే కనుక దానికి ఉపాయమును కలదు: పైన ఇనుప జాలి, దానికెత్తున అద్దపు కప్పు, కప్పునకును గోడకును నడుమ నలువైపుల గాలికి సందు. వెలుతురు వచ్చును, వాన రాదు, వేడి పోవును. ఇట్టి మార్పే ఆధునిక సంప్రదాయమునకు సరియైన ఉదాహరణము.

విద్యుత్తు మాట క్లుప్తము గాని ప్రాణములతో కూడినది. కొయ్య యింటికి నిప్పు ఎట్లు శత్రువో 1837 చెప్పినది. పాత తీగెలపై నేటి యంత్రముల భారము వేయుట కూర్చున్న కొమ్మను నరికికొనుటయే. తీగె లన్నియు మార్చి గొట్టములలో నడిపింపవలెను; ఎర్తు సరిగా నుండవలెను; 30 మిల్లీ ఆంపియర్ల లీకునకే తెగిపోవు రక్షక స్విచ్చి పెట్టింపవలెను. వరద వచ్చు ప్రాంతములలో మీటరు, స్విచ్చిబోర్డులు నడుమెత్తునకు పైన నుండవలెను. చెక్కడపు స్తంభమును తొలిచి తీగె దూర్చరాదు. ఈ పద్దులో పొదుపు పనికిరాదు.

ఇక వంటయిల్లు, స్నానపుగది. ఇక్కడ సంప్రదాయమును పట్టుకొని వ్రేలాడుట అమానుషము. ఒక యింటిని ఊహింపుడు. కోనసీమలో నాలుగువైపుల వసారాలు గల పెద్ద లోగిలి. అందు డెబ్బది యెనిమిదేండ్ల తల్లి ఒంటరిగా నున్నది. కుమారుడు ఢిల్లీలో, కూతురు సూరతులో. కుమారునికి ఇంటి అందముపై మక్కువ. గుమ్మమునకు వార్నీషు, చావడికి పాత కాలపు లాంతరులు, గోడకు తంజావూరు పటములు ఏర్పాటు చేసి, వంశగౌరవము నిలిచినదని తృప్తి పడెను. మరుగుదొడ్డి మాత్రము పెరటి కొసన, నూతి కావల, నలుబది యడుగుల దూరమున నున్నది. వానరాత్రి ఆ తల్లి గొడుగు పట్టుకొని పాచి పట్టిన గచ్చుపై అంత దూరము నడువవలెను. ఆమె ఎవరితోను చెప్పుకొనలేదు; సాయంకాలము నుండి మంచినీరు త్రాగుట మానుకొన్నది. సెలవునకు వచ్చిన కూతురు దానిని కనిపెట్టినది.

ఆ యింటికి కావలసినది లాంతరు కాదు. పడకగది కానుకొని, గడప అడ్డులేక, కాలు జారని రాతి నేలతో, గోడకు పట్టుకొను కడ్డీతో ఒక చిన్న స్నానపుగది. దానిని పాత గోడలలోనికి చొప్పించక, పెరటివైపు వసారాను కొంత మూసి, కొత్త గోడలతో వేరుగా కట్టవచ్చును. గొట్టములు పాత గోడలో పాతక బయటనుండి నడిపినచో లీకు కనబడును, మరమ్మతు సులభమగును. వంటయింటిలో పొగ పోవు దారి, నిలుచుండి వండుకొను తిన్నె, చేతికందు అలమర – ఇవియు అట్టివే. తరతరములు ఆ పొగలో కన్నీరు కార్చిన స్త్రీలకు పాత వంటయిల్లు అందమైన జ్ఞాపకము కాదు. పాత యింటిలో ఏది నిలుపవలెను, ఏది మార్చవలెనని తేల్చునపుడు, దూరమునుండి దానిని తలచుకొనువారి మాటకంటె, అందు నిత్యము మెలగువారి మాటకు విలువ హెచ్చు.

చివరకు అలంకారము. ఇన్ని పనులు సరిగా జరిగినచో దీనికి మిగులు పని స్వల్పము. శుభ్రమైన సున్నపు గోడ, నూనె తుడిచిన టేకు, అరిగి నునుపెక్కిన రాతి నేల – ఇవియే మూడువంతుల శోభ. తక్కిన వంతునకు మనవారి చేతిపనులు చాలును. ఇందును గుజరాతునకు, తెలుగు దేశమునకు పొత్తు కుదురును. పాటణ పటోలా పట్టుపోగులకు నేయక మునుపే రంగు లద్దు విద్య. మన పోచంపల్లి, పుట్టపాక విద్యయు అదియే. సంఖేడా కొయ్యసామానునకు తరిమెన పట్టుచు లక్క పూయుదురు. మన ఏటికొప్పాక బొమ్మలకును అట్లే. సూరతునకే సొంతమైన ‘సాదేలి’ పని యొకటి కలదు. పలు వన్నెల కొయ్య, ఎముక మున్నగువాని సన్నని కడ్డీలను కట్టగా అతికి, అడ్డముగా పలుచని బిళ్లలు కోసి, వానిని పెట్టెలపై పొదిగి ముగ్గుల వంటి చిత్రములు సృష్టింతురు. పారశీక దేశమునుండి వచ్చిన ఈ విద్యను ఇచ్చటి పార్సీలు పోషించిరి. పూర్వము దంతము కూడ వాడెడివారు, నేడది నిషిద్ధము. పోచంపల్లి తెర, సంఖేడా పీట, సాదేలి పెట్టె ఒక చావడిలో కలిసినచో, సూరతులో ఉద్యోగము చేసిన తెలుగువాని జీవితచరిత్ర మాట లేకుండనే వ్రాసినట్లగును.

ఒక్క హెచ్చరిక. పాత చెక్కడపు తలుపులు, స్తంభములు అంగళ్లలో అమ్మకమునకు వచ్చుచున్నవి. కొనువారు సంప్రదాయమును కాపాడుచున్నామని భావింతురు. కాని ఒక యింటి సింహద్వారము మరియొక యింట గోడకు అలంకారమైనదనగా, మొదటి యిల్లు నేలమట్టమైనదని అర్థము. ముప్పదేండ్ల తరువాత మీ తాతగారి గడప ఎవరి హోటలులోనో బల్లగా నుండకూడదనుకొన్నచో, నేడు ఇతరుల గడపను కొనుటకు ముందు ఒక క్షణ మాలోచింపవలెను.

ఇండ్లను చెదకంటె ఎక్కువగా తినునది తగవు. అన్నదమ్ములు తేల్చుకొనలేదని, అక్కచెల్లెండ్రను అడుగలేదని ఎన్నియో లోగిళ్లు కూలుచున్నవి. ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణ చట్టముతోనే ఉమ్మడి ఆస్తిలో కూతుండ్రకు సమాన హక్కు కల్పించినది. 2005లో దేశమంతటికిని ఆ హక్కు విస్తరించినది. పురుష వారసులు పంచుకొననిదే నివాసగృహమున తన భాగము కోరు హక్కు కూతురికి లేదను పాత నిబంధనయు అప్పుడే తొలగెను. కావున మొదటి సున్నపు బస్తా దింపుటకు ముందే అందరును ఒకచోట కూర్చుండి, ఎవరెంత పెట్టుదురు, ఎవరెపుడు వచ్చి యుందురు, అమ్మదలచినచో ఎవరికి అమ్ముదురు అనునది కాగితముపై వ్రాసికొనుట క్షేమము. ఉద్యోగులకు 2017 నాటి గృహనిర్మాణ అడ్వాన్సు నియమములు ఇంటి విస్తరణకును వర్తించును. 34 నెలల మూలవేతనము లేక పది లక్షల రూపాయలు, ఈ రెంటిలో ఏది తక్కువైన అది, పరిమితిగా పేర్కొనబడినది. దరఖాస్తునకు ముందు ప్రస్తుత నియమములను కార్యాలయమున విచారించుకొనవలెను. ఆస్తిపత్రము లెవరి పేర నున్నవో చూచుకొనవలెను.

ప్రతి పాత యింటిని నిలుపుట సాధ్యము కాదు. పునాది కదలినది, గోడ చీలినది, వారసులు రాలేనివారు – అట్టిచోట గౌరవముగా అమ్ముకొనుటలో పాపము లేదు. కాని నిలువగలిగినదానిని నిర్లక్ష్యమువలన పోగొట్టుకొనరాదు. నిలిపినదానిని అలంకారపు బొమ్మగా చేయరాదు. ఇంటికి కాపురము కావలెను. సంవత్సరమునకు ఒక నెల యైనను దీపము వెలుగవలెను, పొయ్యి రాజవలెను, అరుగుమీద పొరుగువాడు వచ్చి కూర్చుండవలెను. అరుగును దుకాణముగనో, కారు షెడ్డుగనో మార్చినచో ఆ పొరుగువాడు మరల రాడు.

రాబోవు వేసవిలో స్వగ్రామము వెళ్లు సభ్యులు ఆ తాళము తీసినపుడు, రంగుల పుస్తకము తెరువక, మొదట చూరువంక చూడవలెను, తూమువంక చూడవలెను, దూలపు కొసను తట్టి వినవలెను. పిదప ఆ యింటిలో ముసలివారున్నచో, రాత్రివేళ వారికేమి కష్టమో అడుగవలెను. పని అక్కడనుండి ఆరంభింపవలెను. తాపీగా చేసిన పని తాపీ నదివలె చిరకాలము నిలుచును.